ఎత్తుకోని చేతులు

పాప ఎడమ చెయ్యి లేవడం లేదు.

భుజం నుంచి వేలాడుతోంది. గాలివానకు విరిగి, బెరడు మీద నిలిచిన కొమ్మలా.

ఏడవడం లేదు. అదే భయం. బొమ్మనిస్తే కుడిచేత్తో అందుకుంటోంది. ఎడమ చెయ్యి ఇంకెవరిదో అన్నట్టు చూస్తోంది.

ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన తల్లి చెప్పులైనా విప్పలేదు. పాపను ఎత్తుకుని పరుగెత్తింది. వెనక ఆయా. ఆ వెనక తాత — రోజంతా తన గదిలో కూర్చుని ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాసే తాత.

డాక్టరమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఒక్కసారి తిప్పింది. టిక్కుమంది.

కొమ్మ లేచింది.

"మోచెయ్యి జారిందంతే. ఎవరో రెండు చేతులూ పట్టుకుని ఊపారు. రెండేళ్ళ పిల్లని అలా ఊపుతారా? ఇంగ్లీషులో దీని పేరే నర్స్‌మెయిడ్స్ ఎల్బో."

తల్లి తన తండ్రి వైపు చూసింది. ఆ ఇంట్లో ఏ మాటకు అర్థం కావాలన్నా ఆయన వైపే చూస్తారు.

తాత గొంతు సవరించుకున్నాడు.

"ఆయా మోచెయ్యి," అన్నాడు.

అర్థం అదే. తీర్పూ అదే.

ఇంటికొచ్చాక తల్లి ఒక్క మాటే అంది.

"రేపట్నుంచి రావద్దు."

"అమ్మా, తొమ్మిదిమంది పిల్లల్ని ఎత్తిన చేతులివి. డాబా మీద బట్టలారేసి వచ్చా, పది నిమిషాలు. వచ్చేసరికి పిల్ల ఇలా ఉంది."

"ఆ పది నిమిషాలూ ఇంట్లో ఉన్నది మా నాన్న. ఆయన ఎత్తుకున్నాడంటావా? నన్నే ఎత్తుకోలేదు! సైకిలు మీంచి పడి 'మోచిప్ప పగిలింది నాన్నా' అని ఏడిస్తే, 'మోకాలిచిప్ప అనాలి' అని దిద్దిన మనిషి!"

ఆయా నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు.

"బాగుందమ్మా. ఎత్తుకోనివాళ్ళకి ఏ పాపమూ అంటదు. ఎత్తుకున్నదాని పేరు మాత్రం ఇంగ్లీషువాడి దాకా పోయింది."

సంచి సర్దుకుంది. ఒక చీర. ఒక దువ్వెన. పాప కోసం గుడ్డపీలికలతో కుట్టిన పిట్ట.

పిట్టను బల్ల మీద పెట్టేసింది.

ఎవరి చేతుల్లో నిద్రపోయిందో పాపకు తెలుసు. ఎవరి చంకలో అన్నం తిన్నదో తెలుసు. చెప్పడానికి పాపకున్న రెండు మూడు మాటలు చాలవు.

మాటలన్నీ తాత దగ్గరున్నాయి.

కడిల్ — గుండెకు హత్తుకొను.

స్నగుల్ — ఒంటికి ఒంటిని ఆనించి ఒదుగు.

డాండిల్ — ...

ముప్పై ఏళ్ళుగా అట్టముక్కల మీద రాస్తున్నాడు. ఎండుటాకుల్లా పేరుకున్నాయి. ఏ ఆకుకూ తడి లేదు.

ఆయా గుమ్మం దాటబోయింది.

పాప గబగబా నడిచింది. ఆయా దగ్గరికి కాదు. తాత దగ్గరికి.

రెండు చేతులూ పైకెత్తింది.

"తాతా... ఇంకా!"



పాప చేతులు దించలేదు. "ఊపు... ఇంకా!"

తల్లి తండ్రి వైపు చూసింది. ఈసారి అర్థం కోసం కాదు.

తాత ఆ చేతుల్ని ముట్టుకోలేదు. తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనే తల్లీ. డాండిల్ దగ్గర ఆగిపోయాను. పసిబిడ్డను మోకాలి మీదో, చేతుల్లోనో ఆడించడం అని ఉంది పుస్తకాల్లో. చేతుల్లో అంటే ఎలాగో నాకు తెలీదు. ఎప్పుడైనా చేస్తే కదా... అడిగితే ఆయా చెప్పేది. అడగడానికి సిగ్గేసింది. ఆవిడ డాబా మీదికెళ్ళింది. పాప రెండు చేతులూ పట్టుకుని ఊపాను. నవ్విందమ్మా. నేను పట్టుకుంటే ఒక పిల్ల నవ్వింది. అరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి. ఆ నవ్వు కోసం ఇంకా ఊపాను... ఇంకా గట్టిగా. నవ్వు ఆగింది. చెయ్యి వేలాడిపోయింది. కింద కూర్చోబెట్టేశాను. గదిలోకెళ్ళి తలుపేసుకుని... అర్థం రాసుకున్నాను."