మీసాలయ్య మధ్యవర్తిత్వం

కోట్లు కుట్టే దర్జీకీ వాళ్ళ అత్తగారికీ మాటలు పోయింది ఒక కోటు దగ్గర. ఆవిడ తపాలా ఆఫీసులో రిటైరైన రోజున అల్లుడు ముచ్చటపడి కుట్టి ఇచ్చాడు. ఆవిడ తొడుక్కుని, వచ్చినవాళ్ళందరి ముందూ, "కుడి చెయ్యి కాస్త పొడుగైనట్టుంది అల్లుడుగారూ" అంది. అల్లుడు నవ్వి ఊరుకుంటే పోయేది. "కోటు చెయ్యి సరిగ్గానే ఉందండీ, మీ చెయ్యే పొట్టి" అన్నాడు. ఆనాటి నుంచి ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఇద్దరూ ఒకరికొకరు కనబడనట్టే మసిలారు.

మాటలు మోసే పని దర్జీ పెళ్ళాం నెత్తిన పడింది. "మీ అమ్మకి చెప్పు, కుళాయి కట్టెయ్యమని." "మీ ఆయనకి చెప్పు, తిప్పింది తనేనని." ఈలోగా కుళాయి కారుతూనే ఉండేది. ఏడాది మోసి ఆవిడ చేతులెత్తేసింది. "పొద్దస్తమానం రైలు టికెట్ల కౌంటర్లో అద్దం వెనక కూర్చుని అరుస్తాను. ఇంటికొచ్చినా అదే ఉద్యోగమా? మీ మాటలు మీరే చూసుకోండి" అంది. దాంతో ఇంట్లో ఉన్న ఆ కాసిని మాటలూ పోయాయి.

దర్జీకి పిచ్చెక్కినట్టయింది. కింద కొట్లో మిషను చప్పుడైనా ఉండేది. మేడ మీదికొస్తే గడియారం చప్పుడొక్కటే. ఇంట్లో కదిలే ప్రాణి ఇంకొకటి ఉంటే బాగుండునని చేపల కొట్టుకి వెళ్ళి, నాలుగంగుళాల జెల్ల చేపని తెచ్చాడు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, ఎర్రటి తోక, మొహం నిండా మీసాలు. అడవి నదుల్లో ఇది పెద్ద వేట చేప అనీ, నోట పట్టిందల్లా మింగుతుందనీ కొట్టువాడు చెప్పలేదు. "కాస్త పెరుగుతుంది" అన్నాడంతే.

కాస్త పెరిగేవాళ్ళకి ఎలా కుట్టాలో దర్జీకి ఒకరు చెప్పాలా? చిన్నపిల్లల కోట్లకి లోపల మడత వదలడంలో అతనికి పేరుంది. చేపకి టేపు పెట్టి కొలిచి, ఎదుగుదలకి ఉదారంగా మడత కలిపి, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పుతో అద్దాల ట్యాంకు కట్టించాడు. ఎంత పెరిగినా ఇందులో పడుతుందని పెళ్ళాం దగ్గర గొప్పలు పోయాడు. ఒక్క సంగతి మాత్రం అతని బుర్రకి తట్టలేదు. కోటు తొడుక్కున్నవాడికి కోటులోపల వెనక్కి తిరిగే పనుండదు. చేపకుంటుంది.

మొదటి వారం అత్తగారు ఆ ట్యాంకు వైపే చూడలేదు. ఎనిమిదో రోజు పొద్దున కుర్చీ లాక్కుని ముందు కూర్చుని, "ఏం నాయనా మీసాలయ్యా, ఎనిమిదైంది. ఇంట్లో కొందరికి ఇంకా తెల్లారలేదా?" అని అడిగింది. దర్జీ పక్కగదిలో దుప్పటి తీసి చెవులు రిక్కించాడు. లేచి వచ్చి, ట్యాంకు ఇవతలి కొసన నిలబడి, "మీసాలయ్యా, రాత్రి పదకొండింటి దాకా పని చేసినవాడు ఎనిమిదింటికే లేస్తాడని చెప్పు" అన్నాడు. చేప ఇటు చూసింది, అటు చూసింది, నోరు తెరిచి మూసింది. ఇంతకన్నా మంచి మధ్యవర్తి ఎక్కడ దొరుకుతుంది? ఒక మాట కలపదు, ఒక మాట దాచదు.

అంతే, ఇంట్లో వాన పడ్డట్టు మాటలు పడ్డాయి. కూరలో ఉప్పు తక్కువైందని మీసాలయ్యకి ఫిర్యాదు వెళ్ళేది. ఉప్పు బల్ల మీదే ఉందని మీసాలయ్య ద్వారా జవాబొచ్చేది. అత్తగారు అతన్ని నేరుగా "మీరు" అనేది ఒకప్పుడు. చేపని అడ్డం పెట్టుకున్నాక "నువ్వు తిండిపోతువి, నువ్వు బద్ధకస్తుడివి" అని కడుపారా తిట్టేది. ఎవర్ని అంటోందో ముగ్గురికీ తెలుసు. దర్జీకి కోపం రాకపోగా, కొట్లో కత్తిరిస్తూ కూడా ఈ పూట చేపకి ఏం చెప్పాలా అని ఆలోచించుకునేవాడు.

తిట్టుకున్నప్పుడల్లా ఇద్దరూ చెరో రొయ్య పడేసేవారు. మీసాలయ్య ఎవర్నీ నొప్పించేవాడు కాదు, ఇద్దరివీ మింగేవాడు. ఎనిమిది నెలలకి అడుగున్నర అయ్యాడు.

అత్తగారు గదిలో గాజు గిన్నెలో ఒక బంగారు చేపని పెంచుకునేది. దానికి తోడు కావాలని ఆవిడకి బుద్ధి పుట్టింది. "మీసాలయ్యా, మా పిల్లని నీ దగ్గర ఉంచితే క్షేమమేనా?" అని అడిగింది. దర్జీ టేపు తెచ్చాడు. అద్దం మీంచి మీసాలయ్య మూతి కొలిచాడు, రెండున్నర అంగుళాలు. బంగారు చేపని కొలిచాడు, మూడు. "నీ మూతిలో అది పట్టదు. నిశ్చింతగా ఉండమను" అని తీర్పిచ్చాడు. ఆవిడ వదిలింది. మీసాలయ్య నోరు తెరిచాడు. మూడంగుళాలే కాదు, దర్జీ పిడికిలి కూడా పట్టేంత నోరది. బంగారు చేప తోక తిప్పే వ్యవధి కూడా లేకుండా లోపలికి పోయింది.

అత్తగారు ఖాళీ గాజు గిన్నె పక్కన పెట్టి, "నిన్నేమీ అనను నాయనా. నోరు మూసుకున్నప్పుడు తీసే కొలత ఏం కొలత? తీస్తున్నప్పుడే చూశాను. చెబుదామంటే మాకు మాటల్లేవాయె" అంది.

"నీతో చెప్పచ్చు కదా అని అడుగు" అన్నాడు దర్జీ పీలగా.

"నీ నోటి సంగతి నీకు తెలుసు కదా, నీతో చెప్పి ఏం లాభం అన్నానని చెప్పు."

ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. పంతానికి పోయి ఒక ప్రాణాన్ని పోగొట్టుకున్నామని దర్జీకి సిగ్గేసింది. అయినా ఆ మాట ఆవిడతో అనే ధైర్యం చాలక చేపతోనే అన్నాడు.

రెండేళ్ళు తిరిగేసరికి మీసాలయ్య మూడడుగులు దాటాడు. అటు నుంచి ఇటు తిరగాలంటే వంగి, నలిగి, అద్దానికి మూతి రాసుకునేవాడు. ఆ మూతి ఎర్రగా పుండు పడింది. ఒకరోజు దర్జీ పెళ్ళాం అది చూసి, ఎవర్నీ అడక్కుండా ఊరి చివరి చేపల ప్రదర్శనశాలకి ఫోను చేసింది. అక్కడ పెద్ద కొలనుంది, తీసుకుంటామన్నారు. "ఇందులోనే ఉంచితే చస్తుంది. ఎప్పుడు పంపుతారో తేల్చండి" అంది.

తేల్చడానికి మూడు వారాలు పట్టింది. ఒకరోజు ఎండ ఎక్కువన్నారు, ఒకరోజు మబ్బన్నారు. దర్జీకి చేప మీద ప్రేమ లేక కాదు. కానీ అది వెళ్ళాక ఎవరితో మాట్లాడాలి? మళ్ళీ ఆ గడియారం చప్పుడేనా? అత్తగారు కూడా వాయిదా వేస్తూనే ఉందని గమనించి, ఆవిడ భయమూ అదేనని అతనికి అర్థమైంది. ఆ సంగతి చెప్పుకోవడానికైనా మధ్యలో చేప ఉండాలి.

నాలుగో వారం మీసాలయ్య రొయ్య ముట్టలేదు. మర్నాడే ప్రదర్శనశాల వ్యాను వచ్చింది. అందులో పెద్ద నీళ్ళ తొట్టి పక్కన సంరక్షకుడు నిలబడ్డాడు. మెట్లు ఇరుకు, ఇద్దరికన్నా పట్టరు. పెళ్ళాం డ్యూటీలో ఉంది. దర్జీ రాత్రికి రాత్రి దళసరి గుడ్డతో ఉయ్యాల కుట్టి రెండు పక్కలా కర్రలు దూర్చి పెట్టాడు. కొత్తవాళ్ళ చేతుల్లో బెదురుతాడని ముందు అత్తగారే పట్టింది, వెనక అల్లుడు, మధ్యలో తడిగుడ్డ కప్పిన మీసాలయ్య.

మొదటి మలుపులోనే ఇరుక్కున్నారు.

"మీసాలయ్యా, ఎడమకి తిప్పమని చెప్పు" అన్నాడు దర్జీ.

"ఎవరి ఎడమో అడుగు నాయనా" అంది అత్తగారు.

మీసాలయ్య తోక ఝాడించాడు. కర్ర గోడకి కొట్టుకుని ఆవిడ చేతిలోంచి సగం జారింది. గుడ్డ తొలగి, మొప్పలు ఎగిరెగిరి పడటం కనిపించింది.

"అత్తయ్యా, మీ ఎడమ. నేనో మెట్టు వెనక్కి వేస్తాను. వదలకండి."

"వదల్లేదు. నువ్వు కాలు చూసుకో" అంది ఆవిడ.

తక్కిన మెట్లన్నీ "దించు", "ఆగండి", "ఇంకొక్కటుంది" అనుకుంటూ దిగారు. తొట్టిలో మునిగాక మీసాలయ్య నిమిషం కదల్లేదు, తర్వాత మీసం ఆడించాడు.

కొలను దగ్గర వదిలినప్పుడు కాసేపు ఉన్నచోటే ఉన్నాడు, అద్దం కోసం వెతుక్కుంటున్నట్టు. తర్వాత మెల్లిగా, ఎక్కడా వంగకుండా, ఒక పెద్ద మలుపు తిరిగాడు. తిరిగి, వెనక్కి చూడకుండా లోతుకి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ అక్కడే చాలాసేపు నిలబడ్డారు గానీ నోరు విప్పలేదు. మెట్ల మీద మాట్లాడింది కంగారులో జారిన మాటలేనేమో, ఇక అయిపోయాయేమో అని దర్జీకి బెంగ పట్టుకుంది.

తిరుగు బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. అలవాటు ప్రకారం దర్జీ వెనక సీటుకి వెళ్ళబోయాడు. ఆవిడ పక్కసీటు మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడ ఖాళీయే కదా" అంది. అతను కూర్చున్నాడు.

కాసేపటికి ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఏడుస్తున్నావా?"

"లేదత్తయ్యా, జలుబు."

"నాకూ అదే జలుబు."

రెండు స్టాపుల దాకా ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు. మూడో స్టాపులో ఆవిడ, అడ్డమైన రొయ్యలూ పెట్టి దాన్ని అంత పెంచింది నువ్వేనంది. లెక్క తీస్తే మీ రొయ్యలే ఎక్కువన్నాడు అతను. ఆవిడ గొంతు పెంచింది, అతనూ పెంచాడు. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. దిగాల్సిన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరికీ తెలియలేదు.