చూసేశారట

మా ఆఫీసులో "చూశాను" అన్న మాటకున్న విలువ మరే మాటకూ లేదు. ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా, అది కస్టమర్ దగ్గరికి వెళ్ళేముందు రాసినవాళ్ళు ఒకసారి, పక్కవాళ్ళు ఒకసారి చదివి కింద "చూశాను" అని కొట్టాలి. రెండూ పడితే పచ్చ గీత వెలిగి పని బయటికి వెళుతుంది. చేరిన కొత్తలో నేను నిజంగానే చదివేదాన్ని. నేను ఒక పేజీ చదివేలోపు పక్కవాళ్ళు పది పేజీలు దాటేసేవారు. "ఏమ్మా, బట్టీ పడుతున్నావా?" అన్నాడు మా టీమ్ లీడు. ఆ తర్వాత నేనూ అందరిలాగే తయారయ్యాను.

ఇంతకీ రాసేది మేమా? అల్లుడుగారు. ఏఐకి మావాళ్ళు పెట్టుకున్న పేరది. మర్యాదగా మాట్లాడతాడు. ఆయన ఏం చెప్పినా ఇంటిల్లిపాదీ తలాడించాల్సిందే తప్ప, తప్పని ఎదురుచెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. కాకపోతే ఈ అల్లుడు తినడు, మాకే వడ్డిస్తాడు. చేత్తో చేసి, చెడగొట్టి, మళ్ళీ బాగుచేసి పని నేర్చుకోవాలని నేను ఈ ఉద్యోగంలో చేరాను. చెడగొట్టడానికి నాకంటూ ఏదీ మిగలలేదు. నోరు తెరిచేలోపు విస్తరి నిండిపోతుంది. నాకు పని వచ్చని అందరూ అనుకుంటున్నారు, రాదని నాకు తెలుసు. రాదని ఒప్పుకుంటే ఉద్యోగం ఉండదు, ఒప్పుకోకపోతే పని ఎప్పటికీ రాదు. రోజూ పొద్దున్నే ఈ ఇరుకులోకి నా అంతట నేనే నడిచి వెళ్ళి కూర్చునేదాన్ని.

నా పేరు మీద బయటికి వెళ్ళిన పెద్ద పని ఒక్కటే, ఒక ఆసుపత్రి టోకెన్ బోర్డు. రోగులు ఫోన్లో నంబరు తీసుకుంటారు. హాల్లో బోర్డు మీద నంబరు వస్తే లోపలికి వెళతారు. డాక్టరు పని అయ్యాక పేరు పక్కన "చూశారు" అని పడి ఆ పేరు మాయమవుతుంది. దాన్ని అల్లుడుగారు రాశాడు. నేను "చూశాను" అన్నాను. లీడూ "చూశాను" అన్నాడు.

మా నాన్న బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఈమధ్య మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతున్నాడు. ఊపిరి ఆడక ఆగుతున్నాడని కనిపెట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. డాక్టరు మాట ఎత్తితే చాలు, ఆయనకు ఏదో పని గుర్తొచ్చేది. చివరికి నాయనమ్మను చూపించే నెపం మీద బయల్దేరదీశాను. ఇద్దరికీ నా ఫోన్ నుంచే ఆ ఆసుపత్రిలో, ఒకే డాక్టరు దగ్గర నంబర్లు తీసి పంపించి, నేను ఆఫీసుకు వెళ్ళాను.

సాయంత్రం నాయనమ్మ మందుల చీటీతో వచ్చింది. నాన్న ఉత్త చేతులతో, మంచి హుషారుగా వచ్చాడు.

"నిన్నేమన్నారు నాన్నా?"

"నన్ను చూసేశారట."

"చూసేశారట ఏంటి? లోపలికి వెళ్ళావా లేదా?"

"మీ నాయనమ్మ వెళ్ళొచ్చాక నా నంబరు కోసం కూర్చున్నా. కూర్చోవడం నాకు కొత్తేం కాదుగా. హాలంతా ఖాళీ అయిపోయింది. కౌంటర్లో అమ్మాయిని అడిగితే కంప్యూటర్లో చూసి, 'మిమ్మల్ని చూసేశారండీ' అంది. దూరం నుంచే చూసి ఏం లేదనుకున్నారేమోలే అని వచ్చేశా."

"వీడు మొండిఘటమని మొహం చూస్తేనే తెలిసిపోయుంటుంది" అంది నాయనమ్మ, కొడుకు వైపు చూసి నవ్వుతూ.

"రేపు మళ్ళీ వెళ్దాం నాన్నా."

"ఎందుకమ్మా, చూసేశామని కంప్యూటరే అంటుంటే? పైగా అది నువ్వు చేసిందాయె. మా అమ్మాయి చేసిన బోర్డని పక్కాయనకు కూడా చెప్పా. అది తప్పెందుకు చెబుతుంది?"

 నా ఫోన్ తీసి చూశాను, ఇద్దరి పేర్ల పక్కనా "చూశారు" అనే ఉంది.

మర్నాడు లీడుకు సంగతి చెప్పాను. "అల్లుడుగార్ని అడిగి సాయంత్రంలోగా పంపెయ్" అన్నాడు తల తిప్పకుండా. అడిగాను. మన్నించమని, మీరు చెప్పింది నిజమేనని అల్లుడుగారు చక్కగా క్షమాపణ చెప్పి కొత్తది ఇచ్చాడు. అది పెట్టి నిన్నటి నంబర్లతో నడిపిస్తే నాయనమ్మను రెండుసార్లు పిలిచింది. మళ్ళీ క్షమాపణ, మళ్ళీ కొత్తది. ఈసారి ఎవరినీ పిలవలేదు. ఎందుకలా అయిందో చెప్పమంటే పేజీ నిండా చెప్పాడు. నాకు అలవాటైన పద్ధతిలో తలాడించాను. అర్థమైంది మాత్రం సున్నా. మధ్యాహ్నానికి పాత తప్పు అలాగే ఉంది, దాని పక్కన కొత్తవి తేలాయి. నాకు వాటి మీద కాదు, నా తలాడింపు మీద ఒళ్ళుమండింది.

అల్లుడుగారు పలక్కుండా నెట్ కేబులు పీకేసి, లాప్‌టాప్ పట్టుకుని మీటింగులు జరిగే గాజుగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. దారిన పోయేవాళ్ళంతా తొంగి చూస్తున్నారు. నా పేరున్న ప్రోగ్రాం నాకే పరాయి మనిషిలా కనిపించింది. తలా తోకా తెలియలేదు. లేచి వెళ్ళిపోదామంటే ఎక్కడికి వెళ్ళను, ఇంట్లో మెట్ల మీద నాన్న ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తుడుచుకుని, పరీక్షకు ఇద్దరు రోగులను ఎక్కించాను. ఒకరు నాయనమ్మ, ఒకరు నాన్న, ఇద్దరికీ నా ఫోన్ నంబరే. తర్వాత ప్రోగ్రాంలో ఒక్కో వరుసే తీసేసి ఏం చెడుతుందో చూడసాగాను. ఒకటి తీస్తే బోర్డంతా నల్లబడింది. పెట్టేశాను. ఇంకొకటి తీస్తే నంబర్లన్నీ తలకిందులయ్యాయి. దాన్నీ పెట్టేశాను. ఏ వరుస ఏ పని చేస్తోందో కాగితం మీద గీసుకుంటూ, అవసరమైతే పైకి చదువుకుంటూ కిందికి దిగాను. ఉద్యోగంలో చేరాక నా చేత్తో ఒకటి చెడగొట్టడం అదే మొదలు. చెడినప్పుడల్లా కాస్త తెలుస్తూ వచ్చింది.

అలా తీస్తూ పోతుంటే ఒకచోట, నాయనమ్మకు "చూశారు" పడ్డాక కూడా నాన్న పేరు బోర్డు మీదే ఉండిపోయింది. ఆ వరుసను మళ్ళీ మళ్ళీ చదివాను. అది మనిషిని ఫోన్ నంబరుతో గుర్తుపడుతోంది. ఫోను ఒకటైతే మనిషీ ఒకరే. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోనుండే ఇల్లు అల్లుడుగారికి తెలియదు. నాకు తెలుసు. ఒక్కసారి చదివి ఉంటే ఆ రోజే పట్టుకునేదాన్ని. నన్ను అక్కడ కూర్చోబెట్టింది అందుకే కాబోలు.

మనిషిని టోకెన్ నంబరుతో గుర్తుపట్టేలా మార్చాను. మళ్ళీ నడిపించాను. నాయనమ్మను చూశారు. నాన్న ఇంకా ఎదురుచూస్తున్నాడు.

కేబులు మళ్ళీ తగిలించి, నా "చూశాను" కొట్టి లీడుకు పంపాను. కీబోర్డు మీంచి చెయ్యి తీయకముందే ఆయన "చూశాను" వచ్చి పడింది. పచ్చ గీత వెలిగింది. నేను లాప్‌టాప్ తీసుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఒక్కసారి చదవండి సార్. నేనిక్కడే ఉంటాను."

ఆయన తెర వైపు చూసి తలాడించాడు. "బాగుంది."

ఆ తలాడింపు నాకు బాగా తెలుసు.

"ఏ వరుస మార్చానో చెప్పండి సార్."

ఆయన పైకీ కిందికీ జరిపాడు. మార్చిన వరుస కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయింది, ఆయన ఆగలేదు. చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసి, గొంతు తగ్గించి, "ఏదో నువ్వే చెప్పు" అన్నాడు. నాకు కోపం రాలేదు, భయమేసింది. పని రాని ఆ ఇరుకులో ఒక్కదాన్నే ఉన్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. చూపించాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని సగం విన్నాడు. ఇంతలో ఫోన్ వస్తే లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న మెట్ల మలుపు దగ్గర వంగి ఉన్నాడు. కూరగాయల సంచీ పక్కన పెట్టి చెప్పు సరిచేసుకుంటున్నాడు. నేనూ ఆ మెట్టు మీదే కూర్చున్నాను.

"నాన్నా, నిన్నెవరూ చూడలేదు."

"బోర్డు మీద..."

"బోర్డు తప్పు చెప్పింది. మీ ఇద్దరినీ ఒక్కరే అనుకుంది. ఇవాళ సరిచేశాను. రేపు వెళ్దాం."

ఆయన లేవలేదు. బాగానే ఉన్న చెప్పును ఇంకోసారి సరిచేశాడు.

"నువ్వు చేసిన బోర్డేగా?"

"అవును."

"పంపేముందు నువ్వు చూడలేదా అమ్మా?"

ఆఫీసులో ఆ మాట ఎన్నిసార్లు కొట్టి ఉంటానో నాకే తెలియదు. వేళ్ళకు అంత అలవాటైపోయింది. ఇప్పుడు నోటికి అది రాలేదు.

"లేదు నాన్నా."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి, ఊపిరి అందేదాకా అలాగే నిలబడ్డాడు. చెప్పు వంక పెట్టుకోలేదు ఈసారి.

"రేపు లోపలికి కూడా నాతో రా" అన్నాడు. "వాళ్ళు చూస్తున్నారో లేదో నువ్వు చూద్దువు గానీ."