దొరసాని కాల్చిన ఆలుగడ్డలు

పాలమూరు మిషను బంగళా పాదిరి దొరను సమాధిలో మట్టిచేసి ఒక్కరోజే అయింది. వంటమనిషి సాలమ్మ ఆ ఆదివారం పొయ్యి ముట్టించలేదు. కిరస్తానీలైనా సరే, సాలమ్మ వాళ్లలో చావు జరిగిన ఇంట మూడు రోజులు నిప్పు రాజేయరు. పక్కవాళ్లే తిండి తెచ్చి, బతిమాలి తినిపిస్తారు. అందుకే తన ఇంటినుంచి జొన్నరవ్వ ఉడికించిన గటక తెచ్చింది. దొరసాని దాన్ని ముట్టలేదు. రెండు రోజులుగా ఆమె కడుపులో నీళ్లు తప్ప ఏమీ పడలేదు.

"ఆదివారం ఆయనకు ఆలుగడ్డలు ఉండాలి. పొయ్యి వెలిగించు" అంది దొరసాని.

"వద్దమ్మా, గట్ల చెయ్యరు. జర గీ గటక తిను."

దొరసాని వినలేదు. తనే పొయ్యి రాజేసి, గడ్డలు కోసి, ఉప్పూ వెన్నా పట్టించి, రొట్టెలు కాల్చే రేకు డబ్బాలో పెట్టి, కిందా పైనా నిప్పులు పోసింది.

"గది మొండి డబ్బమ్మా, నా మాటే ఇనదు. నీ మాట ఇంటదా?" అంది సాలమ్మ.

కాసేపటికే మాడు వాసన వచ్చింది. మూత తీస్తే గడ్డలన్నీ పైన బొగ్గులా ఉన్నాయి.

"పదేళ్లలో ఒక్కసారైనా నా చేత్తో ఆయనకు ఇవి చేసి పెట్టలేదు" అంటూ దొరసాని నేలమీదే కూలబడి, దొర పోయాక మొదటిసారి ఏడ్చింది.

సాలమ్మ ఆమె పక్కనే కూర్చుంది. వేళ్లు కాలుతున్నా మాడిన చెక్కు ఒలిచి, లోపలి మెత్తటి ముక్కను ఊది నోటికి అందించింది.

"ఏడ్వమ్మా. ఏడ్చుకుంటనే తిను. మా అవ్వ పోయిననాడు నేను గిట్లనే తిన్న."

దొరసాని నోరు తెరిచింది.