జెలింకా హాలు రికార్డులో ఆడగొంతు

ఆల్బినా తెల్ల చొక్కాకి గంజి పట్టించి, కాలరు బల్ల మీద పరిచి, ఇస్త్రీపెట్టె ఆనించేసరికి స్నానాలగదిలోంచి మొగుడు వెల్డన్ కేక పెట్టాడు.

"కాలరు కత్తిలా నిలబడాలి ఆల్బినా! ఫొటోలు తీస్తారట."

డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి కాలరు నిలబడితే మెడ నిలబడుతుందా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. ముత్యపు రంగు టిచ్ బటన్ల చుట్టూ ఇస్త్రీ తిప్పడం పెద్ద విద్య. బటన్‌కి పెట్టె తగిలిందా, పైపూత కరిగి బట్టకి అంటుకుంటుంది. ఆ విద్య పెళ్లయిన వారానికే అత్తగారు నేర్పింది. "మావాడి గొంతు దేవుడిచ్చాడు. చొక్కాలు నువ్వు చూసుకో" అని ఆవిడ దేవుడికీ కోడలికీ పని పంచేసింది. దేవుడి పని ఒక్కసారితో అయిపోయింది. ఆల్బినా పని ఇంకా సాగుతూనే ఉంది.

పది గంటలకి నాష్‌విల్ నుంచి రికార్డు కంపెనీ అమ్మాయి వస్తుంది. వెల్డన్ ప్రూయిట్ పాడిన 'జెలింకా హాల్లో ఆదివారం' ఆల్బమ్‌కి యాభై ఏళ్లు నిండాయి. మళ్లీ విడుదల చేస్తున్నారు. దాంతోపాటు ఓ పుస్తకం కూడా ఇస్తారట. ఏ పాట ఎవరు కట్టారు, ఆ రోజు హాల్లో ఏం జరిగింది, అన్నీ వెల్డన్ నోటితో చెప్పించుకుని అందులో వేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, మూడో పాటలో వినిపించే ఆడగొంతు ఎవరిదో రాస్తారు.

ఎవరిదో ఆల్బినాకి తెలుసు. తనదే. ఆ పాటా తనదే. ఈ సంగతి తెలిసిన రెండో మనిషి స్నానాలగదిలో ఈల వేసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. ఈరోజు అతను ఏం చెబితే అదే అచ్చులోకి వెళ్తుంది. తామిద్దరూ పోయాక మిగిలేది ఆ అచ్చే. రాత్రంతా ఆమెకి కంటి మీద కునుకు లేదు. కూతురు రోండాకి ఫోన్ చేసి మొదటిసారిగా ఈ సంగతి చెబితే, "నాన్న ఉన్నన్నాళ్లూ ఊరుకోమ్మా, నీకిప్పుడు ఏం తక్కువైందని?" అంది. ఫోన్ పెట్టేశాక ఆల్బినాకి ఒళ్లు మండింది.

ఆ రికార్డంటే జనానికి ఎందుకంత పిచ్చి అని ఎవరైనా అడిగితే టెక్సస్‌లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అందులో అబద్ధం లేదంటారు. స్టూడియోలో తుడిచి దిద్దిన పాటలు కావవి. జెలింకా డాన్సు హాల్లో ఆదివారం మధ్యాహ్నం జరిగిన నాట్యాన్ని ఉన్నదున్నట్టు పట్టినవి. బూట్లు జారడానికి చెక్కనేల మీద చల్లిన మొక్కజొన్న పిండి కరకరలాడటం వినిపిస్తుంది. రెండో పాటలో ఎవరో సీసా జారవిడుస్తారు. నాలుగో పాటలో పసిబిడ్డ ఏడుస్తుంది, అది బల్ల కింద బొంత మీద పడుకోబెట్టిన రోండానే. మూడో పాటలో గాయకుడు రెండో చరణం మరిచిపోతాడు. గిటారు ఊరికే తిరుగుతూ ఉంటుంది. అప్పుడు జనంలోంచి ఓ ఆడగొంతు ఆ చరణం ఎత్తుకుంటుంది. అతను నవ్వి అందుకుంటాడు, ఇద్దరూ కలిసి ముగిస్తారు. ఆ నవ్వు దగ్గర మగాళ్లు లారీలు రోడ్డు పక్కకి ఆపుకుని కళ్లు తుడుచుకుంటారట. ఆల్బినాకీ ఆ రికార్డంటే ప్రాణం. వెల్డన్ ఊళ్లో లేనప్పుడు పెట్టుకుని, తన ఇరవై రెండేళ్ల గొంతు తనే వింటూ అంట్లు తోముకునేది.

ఆ పాట పుట్టింది పెరట్లో. అర్ధరాత్రి దాటాక వచ్చి గడియారం ముందుకు నడుస్తోందని బుకాయించే మొగుడి మీద కోపంతో, తడిబట్టలు ఆరేస్తూ పాడుకుంది. "గోడ మీది గడియారం కూడా నీలాగే అబద్ధాలు నేర్చింది" అని. వెల్డన్ గిటారు పట్టుకుని మెట్ల మీదకి వచ్చాడు. "ఆ ముక్క బావుందే, ఇంకోసారి అను" అన్నాడు. అంది. ఇంకో ముక్కా అడిగాడు. ఇచ్చింది. అతన్ని తిట్టుకున్న పాట చివరికి అతని నోట్లో పడి, పెళ్లాం మోసం చేసిన మొగుడి ఏడుపైంది. జనం అతని మీద జాలి పడ్డారు!

ఆ ఆదివారం ఆల్బినా గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుని, లోపలికొచ్చేవాళ్ల చేతుల మీద సిరాముద్రలు వేస్తోంది. బ్యాండువాళ్ల భార్యలకి ఎప్పుడూ ఉండే పనే. చప్పట్లు పట్టడానికి కంపెనీవాళ్లు ఒక మైకుని ఆమె తలపైన దూలానికి వేలాడదీశారు. మొగుడు చరణం మరిచిపోయి తెల్లమొహం వేస్తే, ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. "తలుపు గొళ్లెం ఒక్కటే ఈ ఇంట్లో నిజం చెబుతోంది." అంతే. అది మైకులో పడుతుందని ఆమెకి తెలియదు.

ఎవరా గొంతు అని కంపెనీవాళ్లు అడిగితే వెల్డన్, "ఎవరో అభిమాని" అన్నాడు. ఇంటికొచ్చి, "పెళ్లాం అందించిందంటే నవ్విపోతారే. అభిమాని అంటే చూడు, ఎంత అందంగా ఉందో" అన్నాడు. ఆల్బినా కూడా తలూపింది. ఆ వయసులో దాన్నే ప్రేమనుకుంది. అట్ట మీద పాట కింద అతని పేరొక్కటే ఉంటే, ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరు కదా అని సర్దుకుంది. పదేళ్ల కిందట నలభయ్యో ఏటి పండగకి డార్లీన్ అనే ఆవిడ టీవీలో కనబడి ఆ గొంతు తనదేనంది. వెల్డన్ కాదనలేదు సరికదా, వేదిక మీద ఆవిణ్ని కావలించుకున్నాడు. పూలగుత్తి పట్టుకెళ్లి ఆవిడ చేతికిచ్చింది ఆల్బినా. అవాళ చప్పట్లు కొట్టిన చేతుల్లో ఆమెవి కూడా ఉన్నాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తన చెంపలు తనే వాయించుకోవాలనిపిస్తుంది.

కంపెనీ అమ్మాయి డెలానీ వచ్చి ముందుగదిలో కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. వెల్డన్ కాలరు సవరించుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆల్బినా వంటింట్లో కాఫీ కలుపుతూ చెవులు అటే వేసింది.

"ప్రూయిట్ గారూ, గోదాములో పాత టేపులు దొరికాయండీ. మొత్తం నాట్యం, మొదట్నుంచీ చివరిదాకా. రికార్డులో చోటు చాలదని అప్పట్లో పాటల మధ్య మీ మాటలన్నీ కోసేశారు. విందామా?"

"వేసెయ్ తల్లీ" అన్నాడు వెల్డన్.

మీట నొక్కగానే బూట్ల చప్పుడు ఇల్లంతా నిండింది. ఆ తర్వాత కుర్ర వెల్డన్ గొంతు. "ఒరే, కాస్త ఊపిరి తీసుకోండ్రా! ఇప్పుడు పాడేది కొత్తది. ఎక్కడా పాడలేదు. మా బ్యాండువాళ్లకి కూడా ఈ పొద్దున్నే నేర్పాను. తప్పొస్తే వాళ్లని తన్నండి, నన్ను కాదు." నవ్వులు. గిటారు. గోడగడియారం పాట మొదలైంది.

చెంచా ఆల్బినా చేతిలో ఆగిపోయింది. ఆ మాటలు యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడే వింటోంది. గసగసాలు కూరిన కొలాచీ బన్నులు పళ్లెంలో సర్దింది గానీ, ఒకటి నేల మీదికి దొర్లింది. వంగి తీసే ఓపిక లేక వదిలేసింది.

"మరి ఆ ఆడగొంతు సంగతి చెప్పండి" అంటోంది డెలానీ, పాట నడుస్తుండగానే.

వెల్డన్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "ఎవరో అభిమాని అమ్మా. నా పాటలన్నీ దానికి కంఠతా. నేను మరిచిపోతే గాయకుడి పరువు నిలబెట్టింది చూడు, అదీ జనం ప్రేమంటే!"

డెలానీ రాసుకుంటోంది. పెన్ను కాగితం మీద కదులుతున్న చప్పుడు ఆల్బినాకి వినిపించింది. ఇదే ఆఖరిసారి అనుకుంది. ఇప్పుడు కాఫీ పెట్టి వెనక్కి వచ్చేస్తే ఇక ఈ జన్మకి అంతే. చెబితే ఏమవుతుంది? మొగుడు అబద్ధాలకోరు అవుతాడు. కూతురు మొహం చూడదేమో. చర్చి దగ్గర ఆడవాళ్లు, ముసల్దానికి ఇప్పుడు పేరు కావాల్సొచ్చిందటే అంటారు. అవును, కావాలి. ఎందుకు కావాలని ఎవరూ మగాణ్ని అడగరే! పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడా పాడని పాట ఆ అభిమానికి ఎలా వచ్చిందమ్మాయ్?"

డెలానీ తలెత్తింది. "మేడమ్?"

"ఆయనే చెప్పాడుగా, ఇప్పుడే విన్నావుగా. బ్యాండువాళ్లకి కూడా ఆ పొద్దున్నే నేర్పాడట. మరి గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికి రెండో చరణం ఎవరు నేర్పారు?"

టేపులో ఆ గొంతు సరిగ్గా అప్పుడే గొళ్లెం మాట ఎత్తుకుంది. ఆ అమ్మాయి టేపు వంక ఒకసారి, ఆల్బినా మొహం వంక ఒకసారి చూసింది.

వెల్డన్ గట్టిగా నవ్వాడు. "పెద్దదైపోయింది, పట్టించుకోకమ్మా. ఆల్బినా, కాఫీ చల్లారింది, వేడిగా ఇంకోటి పట్రా."

ఆమె కదల్లేదు.

"ఆల్బినా" అన్నాడు ఈసారి గొంతు తగ్గించి. "పరువు తియ్యకే. ఆ పాట నా గిటారు మీద పుట్టింది. నువ్వు పక్కన బట్టలు ఆరేస్తూ ఏదో నాలుగు ముక్కలు అన్నావు, అంతే. ఉన్నవే రెండు చరణాలు. రెండూ నేను పాడితేనే లోకానికి తెలిశాయి."

అది నిజమే. అందుకే ఇన్నాళ్లూ నోరు పెగల్లేదు. ఆల్బినా పళ్లెం బల్ల మీద పెట్టింది. చేతులు గౌనుకి తుడుచుకుంది. కుర్చీ లాక్కుని వెల్డన్ పక్కన కాకుండా డెలానీ ఎదురుగా కూర్చుంది.

"నీకు తెలిసినవి రెండు" అంది మొగుడితో. "మూడోది ఆ సాయంత్రం హాలు నుంచి ఇంటికొస్తుంటే వచ్చింది. నువ్వు వెనక సీట్లో గురక పెడుతున్నావు. బిడ్డ పక్కసీట్లో ఉంది. కారు నడుపుతున్నది నేను."

వెల్డన్ మొహంలో నవ్వు పోయింది. "మూడోదా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు అభిమాని అన్నావుగా. అందుకని నా దగ్గరే పెట్టుకున్నాను."

డెలానీ వైపు తిరిగింది. "ఆ టేపు ఆపి, గొంతు పట్టే మిషను ఆన్ చెయ్యమ్మా. ఈ చరణం ఆయనకి రాదు."