లైసెన్సు వదినగారి పేరు మీద

భర్త పోయాక బస్సుల లైసెన్సు ఆవిడ పేరు మీదకి మారింది. సంతకం పెట్టమన్నచోట పెట్టింది, అంతే. ఆ తర్వాత అంతా మరిదే చూసుకున్నాడు. బస్సులు ఏ దారిలో పోతున్నాయో, ఎవరు నడుపుతున్నారో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. "మీకెందుకు వదినా ఈ తలనొప్పి?" అనేవాడు. నిజమే, ఎందుకులే అనుకుంది.

అలాంటిది ఒకనాడు వంతెన దిగుతుండగా వాళ్ళ బస్సు వెనక చక్రం ఊడిపోయింది. బస్సు పక్కకి ఒరిగిపోయింది. ప్రాణాలు పోలేదు గానీ కొందరికి ఎముకలు విరిగాయి. రవాణా శాఖవాళ్ళు విచారణ పెట్టి, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే స్వయంగా రావాలని కబురు పంపారు.

"ఊరికే వచ్చి కూర్చోండి వదినా. మాట్లాడేది లాయరు," అన్నాడు మరిది.

విచారణ గది బయట వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. మరిది, లాయరు ఓ మూల గుసగుసలాడుకుంటుంటే వదిన కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. చేతికి పిండికట్టుతో బల్ల మీద కూర్చున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది.

"మీకెక్కడ తగిలిందమ్మా?" అని అడిగింది.

వదినకు వెంటనే అర్థం కాలేదు. "నాకేం తగల్లేదు," అంది.

"అదృష్టవంతులు. నాది కుట్టుపని. కుడిచెయ్యే విరిగింది. మళ్ళీ కత్తెర పట్టుకుంటానో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు." అని, "మీరు ముందువైపు కూర్చున్నారా?" అంది.

వదిన నోరు విప్పేలోపే గుమస్తా బయటికొచ్చి, బస్సుల యజమాని ఎవరని కేకేశాడు. లేచి నిలబడక తప్పలేదు. కుట్టుపని ఆవిడ ఒళ్ళోని సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది, అంతే.

లోపల విచారణాధికారి గొంతు పెంచకుండా అడిగాడు.

"షెడ్డుకి ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళారు?"

"వెళ్ళలేదండీ."

"బండ్లు రోడ్డెక్కేముందు ఎవరు చూస్తారు?"

"తెలియదండీ."

లాయరు లేచి ఏదో అనబోయాడు. అధికారి చేత్తోనే వారించి, "ఆవిణ్ణే చెప్పనివ్వండి. మీ మెకానిక్ ఎవరమ్మా?" అన్నాడు.

"తెలియదండీ."

అతను కోప్పడలేదు. "వచ్చేసారికి తెలుసుకుని రండి," అని వాయిదా వేశాడు. కోప్పడి ఉంటే కాస్త నయంగా ఉండేదనిపించింది ఆవిడకి.

మర్నాడు ఎవరితోనూ అనకుండా షెడ్డుకి వెళ్ళింది. నేలంతా నూనె మరకలు, పాత టైర్ల వాసన. ఒక బస్సు కిందనుంచి మెకానిక్ తల బయటపెట్టాడు.

"బస్సులో ఏమైనా మర్చిపోయారామ్మా?"

"లేదు బాబూ. ఈ బస్సులు నావేనట," అంది.

అతను గబగబా లేచి, చేతులు తుడుచుకుని కుర్చీ తెచ్చాడు. మొదట నీళ్ళు నమిలాడు గానీ, ఆవిడ కదిలేలా లేదని తేలాక చెప్పుకొచ్చాడు. చక్రం మార్చాక బండి కొంత దూరం తిరిగొస్తే నట్లు మళ్ళీ బిగించాలి. ఆ బస్సు తిరిగొచ్చీ రాగానే ఇంకో ట్రిప్పుకి పంపేశారు. చక్రంలో చప్పుడొస్తోందని డ్రైవరు మొత్తుకున్నా వినలేదు.

"ఎవరు పంపారు?"

మెకానిక్ కళ్ళు దించుకున్నాడు. "అది చెప్పించకండమ్మా. నాకూ పిల్లలున్నారు."

ఆ రాత్రి భోజనాల దగ్గర వదినే మాట ఎత్తింది. మరిది తడుముకోలేదు.

"డ్రైవరు నిర్లక్ష్యమని లాయరు చెప్తాడు. ఎలాగూ వాణ్ణి తీసేశాం కదా. గొడవ వదిలిపోతుంది."

"చప్పుడొస్తోందని అతను ముందే చెప్పాడట."

"అందరూ చెప్తారు వదినా. చప్పుడు రాని బండి ఎక్కడుంది?" అని భార్య వైపు చూసి నవ్వాడు. తోడికోడలూ నవ్వింది. వదిన కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

రెండో విచారణలో లాయరు అనుకున్నట్టే డ్రైవరు మీదికి నెట్టాడు. అతను చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి వదిన లేచింది. మాట స్పష్టంగానే వచ్చింది.

"అది నిజం కాదండీ. బండి బాగాలేదని డ్రైవరు చెప్పాడు. మావాళ్ళే పంపించారు."

"వదినా!" అన్నాడు వెనకనుంచి మరిది.

"మరి మీరేం చేస్తున్నారు?" అన్నాడు అధికారి.

"ఇంట్లో ఉన్నానండీ. నాకేం తెలియదు."

"తెలియదంటే తప్పించుకోవడానికి లేదమ్మా."

"తప్పించుకోవడానికి చెప్పట్లేదండీ."

తీర్పు వారం తిరక్కుండానే వచ్చింది. సగం బస్సులు ఆపేశారు. మరిది ఇకమీదట బస్సుల వ్యవహారంలో వేలు పెట్టకూడదన్నారు. ఆవిడ అర్హత ఉన్న మేనేజర్ని పెట్టుకుని, తనూ రోజూ షెడ్డులో ఉంటేనే మిగతా బస్సులు నడుస్తాయి. మరిది సామాన్లు సర్దుకుని వేరే ఇంటికి మారిపోయాడు. "సొంత మనిషిని నలుగురిలో నిలబెట్టారు," అని తోడికోడలు గుమ్మంలో ఒక్క మాట అని వెళ్ళింది.

మళ్ళీ పనిలోకి రమ్మని అడగడానికి డ్రైవరింటికీ వెళ్ళింది. అతనప్పటికే ఓ సామాన్ల వ్యాన్ నడుపుతున్నాడు. మంచినీళ్ళిచ్చి, మర్యాదగానే మాట్లాడి, "బస్సులు ఇంక వద్దమ్మా. సామాన్లయితే అరవవు," అన్నాడు.

కొత్త మేనేజరు వచ్చిన వారమే ఓ పొద్దున ఒక బస్సు బ్రేకు సరిగా పడటం లేదని తేలింది. ఆవిడ దాన్ని బయటికి పోనివ్వలేదు. వేరే బస్సు లేదు. ఆ మాట చెప్పడానికి తనే నడిచి స్టాపు దగ్గరికి వెళ్ళింది. జనం ఆవిణ్ణి చుట్టుముట్టారు.

"పనికి ఆలస్యమైతే మా జీతం మీరిస్తారా?" అన్నాడొకాయన.

"మీ మరిదే నయం. ఎలాగోలా పంపేవాడు," అంది వెనకనుంచి ఒకావిడ.

వదిన వెళ్ళిపోలేదు. తర్వాతి బస్సు వచ్చి అందరూ ఎక్కేదాకా, ఎండ మొహాన కొడుతున్నా, అక్కడే నిలబడి తిట్లు తింది.