టిక్కు పెట్టిన చోట

ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళు ఆమె చేత సంతకాలు పెట్టించుకున్నారు. ఒక్క కాగితం చదవనివ్వలేదు. ఇందులో వాదించడానికేమీ లేదు.

పద్ధతి ఎప్పుడూ ఒకటే. పొద్దున పదింటికి, ఒక పొయ్యి మీద ఉడుకుతూ ఇంకో పొయ్యి మీద వేగుతూ ఉన్న వేళ చూసి, మామగారి సెక్రటరీ వంటింటి గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకునేవాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చేది. అతను ఫైలు తెరిచి, కాగితం పైభాగాన్ని ఒక తెల్ల అట్టతో కప్పి, అడుగున ఒక్క గీత మాత్రం కనిపించేలా పట్టుకునేవాడు. గీత పక్కన పెన్సిలుతో టిక్కు. "ఇక్కడమ్మగారూ." ఆమె పెట్టేది. అతను ఊది, పేజీ తిప్పి, మళ్ళీ అట్ట కప్పేవాడు. ఆ అట్ట మూల ఆమె బొటనవేలి జిడ్డు తగిలి తగిలి నల్లబడిపోయింది.

అంతకుముందు ఆ టిక్కు దగ్గర సంతకం అత్తగారిది. మంచం పట్టాక పెన్ను కోడలికి అప్పజెప్పింది. ఏం కాగితాలండీ ఇవి అని కోడలు అడిగితే, "నేనెప్పుడూ చదవలేదే. చదివితే నిద్ర పట్టదు" అంది. వేళాకోళం అనుకుందామె. చదవని మనిషికి నిద్ర పట్టదన్న సంగతి ఎలా తెలిసిందని అడగాలని తోచేసరికి అత్తగారు లేదు.

మామగారు గనుల మంత్రి. ముందు హాలు నిండా ఎప్పుడూ జనమే. రోజుకు నలభై కాఫీలు వెళ్ళేవి ఆ వంటింట్లోంచి. ఆ నలభైమందిలో ఒక్కరు కూడా ఆమె మొహం చూసి కప్పు అందుకున్న పాపాన పోలేదు. భర్త వ్యాపారం చూసుకునేవాడు. ఏ వ్యాపారమంటే, "చెప్తే నీకర్థమవుతుందా?" అనేవాడు. నేనూ కెమిస్ట్రీ చదివాను కదండీ అని ఒకసారి బంధువుల ముందు అంది. "కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం కెమిస్ట్రీ కాదు తల్లీ" అన్నాడు మామగారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వాళ్ళ నవ్వు మరిచిపోయింది కానీ తన నవ్వు మాత్రం మరిచిపోలేకపోయింది. అంట్లు తోముతుంటే గుర్తొచ్చేది. దుప్పట్లు మడతపెడుతుంటే గుర్తొచ్చేది. చెప్పుకుందామంటే వినే మనిషి లేడు. పలకరించే మనిషి లేని చోట మనిషి తనతో తానే మాట్లాడుకోవడం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళకు అదీ మానేస్తుంది. ఆమె మానేసి చాలా కాలమైంది.

ఆ సోమవారం మంత్రిగారి కోసం ఒకావిడ వచ్చింది. పల్లెల్లో కాన్పులు చేసే మంత్రసాని. ఆడవాళ్ళ అర్జీలకు హాల్లో చోటుండదు, వెనక వరండాలో కూర్చోబెడతారు. ఎండన పడి వచ్చింది కదా అని ఆమె గ్లాసుతో నీళ్ళిచ్చింది. మంత్రసాని గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు తాగింది.

"అలవాటైపోయిందమ్మా, ఏమనుకోకండి. మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఇంతే. వాసన చూడందే గుక్క దిగదు."

సంచిలోంచి ఒక సీసా తీసి చూపించింది. పైన రంగురంగుల పొర తేలుతోంది. మూత తీయగానే ఆమెకు తెలిసిపోయింది. ముడిచమురు. చదివిన చదువు ముక్కులో మిగిలి ఉంది. ఊరి పక్క చమురు బావి నుంచి వచ్చే మురుగును గోతుల్లోకి వదిలేస్తున్నారని, ఆ గోతులు నిండి ఊటబావుల్లోకి దిగుతున్నాయని, ముగ్గురు పసివాళ్ళకు ఒళ్ళంతా బొబ్బలెక్కాయని మంత్రసాని చెప్పుకొచ్చింది. పుట్టిన బిడ్డకు తొలిస్నానం పోయడానికి నాలుగు మైళ్ళు నడిచి నీళ్ళు తెస్తోందట. తరువాత మడతలు పడ్డ కాగితం ఒకటి విప్పింది. ఆ బావి లీజుకు ఎవరో ప్లీడరు తీయించి ఇచ్చిన నకలు. బావి యజమాని పేరు అందులో ఉంది.

"ఈవిడ ఎక్కడుంటుందో మీకేమన్నా తెలుసా అమ్మా? మంత్రిగారు వినకపోయినా ఆవిడ వింటుంది. ఆడది కదా, నీళ్ళ కష్టం తెలీకుండా ఉంటుందా?"

ఆ పేరు ఆమెదే. పెళ్ళికి ముందరి ఇంటిపేరుతో సహా. ఎవరూ పిలవగా పిలవగా తనకే కొత్తయిపోయిన పేరు, ముద్రపడిన అక్షరాల్లో, యజమాని అన్న మాట కింద.

"తెలీదు" అంది ఆమె. లోపలికి వెళ్ళి పొయ్యి ముందు నిలబడింది. పొయ్యి వెలిగించలేదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర భర్తను అడిగింది. అతను కంచంలోంచి తలెత్తలేదు. మంత్రి శాఖలో మంత్రి కుటుంబం బావి తవ్వకూడదని, అందుకని పేరు ఆమెది పెట్టారని, అందరూ చేసేదేనని తేలిగ్గా చెప్పాడు.

"నేను కుటుంబం కాదా?"

"అందుకేగా పుట్టింటి ఇంటిపేరు ఉంచింది. ఎవడూ పసిగట్టలేడు."

మామగారు నవ్వాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అమ్మాయ్. నువ్వు కడపంక్తిలో కూర్చున్నావు, అంతే. శుక్రవారం లీజు పొడిగింపు కాగితాలొస్తాయి. ఇంకో ఇరవై ఏళ్ళకి. ఆ ఒక్కటీ కానియ్యి."

పెళ్ళయిన నెలలోనే ఇంటిపేరు మార్చుకుని తీరాలని పట్టుబట్టింది వీళ్ళే. పుట్టింటి పేరు పలికితే మా పరువేం కావాలని ఆరోజు కేకలేసింది ఈ భర్తే. పారేయమన్న పేరును పదిలంగా దాచుకుని వాడుకున్నారు. దొంగసొత్తు దాచడానికి మాత్రం ఆమె పుట్టిల్లు పనికొచ్చింది. వడ్డించి, వాళ్ళు తిన్నాక తిని, కంచాలెత్తింది. ఆ నాలుగు రోజులూ ఆమె నీళ్ళు తాగేముందు వాసన చూసింది. ఎవరూ గమనించలేదు. గమనిస్తారని అనుకోనూ లేదు.

శుక్రవారం పదింటికి సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. ఆమె పొయ్యి కట్టేయలేదు. అట్ట కప్పబోయిన చేతిలోంచి ఆ అట్ట తీసుకుని అటక మీద పెట్టింది. ఫైలు లాక్కోలేదు, అడిగి తీసుకుంది. వంటింట్లో పీట వేసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ముప్పైయొక్క పేజీలు. అమ్మగారూ, కూర మాడుతోందండీ, అని సెక్రటరీ రెండుసార్లు అన్నాడు. మాడింది. గోతుల సంగతి పదిహేడో పేజీలో ఉంది. మురుగు వల్ల కలిగే ఏ నష్టానికైనా యజమానిదే పూర్తి బాధ్యత అని ఇరవై రెండో పేజీలో ఉంది. పాత కాగితాల నకళ్ళు వెనక కుట్టి ఉన్నాయి. ఆ గోతులకు పదకొండేళ్ళ కిందట ఒప్పుకున్నది తనే. టిక్కు పక్కన తన సంతకం, చక్కగా, గుండ్రంగా.

భర్త వచ్చాడు. బతిమాలాడు, తరువాత అరిచాడు. చివరికి, "నీ సంతకం నేనూ పెట్టగలను, తెలుసా?" అన్నాడు.

తెలుసు. అందుకే ఆమె చెప్పులు వేసుకుంది.

గనుల ఆఫీసు రెండు వీధుల అవతలే. పంతొమ్మిదేళ్ళలో ఆ మెట్లెక్కడం అదే మొదలు. కౌంటరు దగ్గర గుమాస్తాను తెల్లకాగితం అడిగి మూడే ముక్కలు రాసింది. ఈ బావి లీజు నాకు అక్కర్లేదు. ఇంతవరకు పెట్టిన సంతకాలన్నీ నావే, వాటికి జవాబు చెప్పుకుంటాను. నేను గనుల మంత్రిగారి కోడలిని.

గుమాస్తా చదివి, తలెత్తి ఆమె మొహం చూశాడు. "ఈ పేరు మీదేనా అమ్మా?"

"నాదే."

ముద్ర వేయించుకుని, రసీదు పట్టుకుని ఇంటికొచ్చేసరికి వార్త ముందే వచ్చేసింది. ఫోన్లు మోగుతున్నాయి. హాల్లో మనిషి లేడు. మాడిన గిన్నెను ఆమె నానబెడుతుంటే, మామగారు జీవితంలో మొదటిసారి వంటింటి గడప దాటి లోపలికొచ్చాడు. ఎక్కడ నిలబడాలో తెలీక నీళ్ళబిందె పక్కన నిలబడ్డాడు.

"ఎందుకు చేశావమ్మాయ్? ఏం తక్కువ చేశాం నీకు?"

"చదివాను మామయ్యగారూ. చదివితే నిద్ర పట్టదని అత్తయ్యగారు ముందే చెప్పారు. ఇక ఈ సంగతి నన్నడక్కండి."

ఆయన మళ్ళీ అడిగాడు. భర్త అడిగాడు. పుట్టింటివాళ్ళు కబురంపి అడిగించారు. తరువాత బావి మీద జరిగిన విచారణలో అడిగినవాటికి ఆమె ఒక్కటీ విడవకుండా జవాబు చెప్పింది, మంత్రసానికి తెలీదని చెప్పిన అబద్ధంతో సహా. ఆ ఇంట్లో మాత్రం ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తదు.