స్వేచ్ఛకు తాళం

చలపతిరావు మాస్టారికి ఒకే ఒక్క మాటతో పేచీ. ఆ మాట ‘ఫ్రీ’. కంప్యూటర్లో విండోసుకు బదులు వాడుకునే లినక్స్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని ఆయన మొదలుపెట్టగానే, వినేవాళ్ళు సబ్బు కొంటే ఇచ్చే దువ్వెన లాంటిదేదో అనుకునేవారు. “ఊరికే రావడం కాదండీ, స్వేచ్ఛ! స్వేచ్ఛ!” అని ఆయన గొంతు చించుకునేవాడు. హైదరాబాదులో రెండు రోజుల సెమినారుకు వెళ్ళి, ఒక సీడీతోనూ బోలెడంత జ్ఞానంతోనూ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ, అంటే 2006 నుంచీ, ఇదే వరస. తెనాలిలో ఆయన చేత ఈ ముక్క చెప్పించుకోని మనిషి లేడు. మంగలి షాపులో సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం మీద నురగ ఆరిపోతున్నా చెప్పాడు. క్లాసులో విద్యుత్తు పాఠం మధ్యలో ఆగి, విండోసును నాలుగు తిట్టి, మళ్ళీ విద్యుత్తులోకి వచ్చేవాడు.

ఆయన పనిచేసే డిగ్రీ కాలేజీ హనుమయ్యగారిది. హనుమయ్యగారికి తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, మొత్తం మూడు కాలేజీలు. ఫిజిక్సు చెప్పే చలపతిరావుకే తెనాలి కాలేజీలో కంప్యూటర్ ల్యాబు కూడా అప్పగించారు.

“ఊరికే ఎందుకిస్తారండీ మాస్టారూ? మెలిక ఏంటో కనుక్కోండి ముందు” అనేవాడు హనుమయ్య.

“మెలికేం లేదండి. స్వేచ్ఛండి.”

“స్వేచ్ఛా? మన కాలేజీలోనా? పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా?”

అలా ఏడాది గడిచింది. ఒకరోజు బజార్లో పుకారు పుట్టింది. కంప్యూటర్లలో దొంగ కాపీలు పట్టుకునేవాళ్ళు విజయవాడలో దిగారట, రేపో మాపో తెనాలి వస్తారట. హనుమయ్య వెంటనే కాలేజీకి కంప్యూటర్లు అమ్మినతన్ని పిలిపించి, “మనవన్నీ ఒరిజినలేనా?” అని అడిగాడు.

“నూటికి నూరుపాళ్ళు ఒరిజినలే బాబాయ్. ఒరిజినల్ సీడీ నుంచి నా చేతుల్తో నేనే కాపీ తీశా.”

ఆ జవాబు విన్నాక హనుమయ్యకు అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే చలపతిరావుకు కబురొచ్చింది.

“మార్చెయ్యండి మాస్టారూ. కానీ ఒక్క మాట. వచ్చే నెల పదో తారీకు సోమవారం యూనివర్సిటీ కమిటీ వస్తోంది. ఆ రోజు ఇరవై మిషన్లూ తెరుచుకోవాలి. తెరుచుకున్నాయా, బాపట్లలోనూ రేపల్లెలోనూ కూడా మీ స్వేచ్ఛే పెట్టిస్తా. ఒక్కటి మొరాయించినా విండోసే కొంటా, మీరు ఫిజిక్సు ల్యాబులోకి పోయి లోలకాలు ఊపుకోండి.”

చలపతిరావు గాల్లో తేలుతూ ల్యాబుకు వచ్చాడు. ల్యాబు అసిస్టెంటు దీవెనకు సంగతి చెప్పి, అప్పటికప్పుడే పని మొదలుపెట్టించాడు. దీవెన రోజూ రేపల్లె నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చిపోయే మనిషి. మాటలు తక్కువ. ఏ వస్తువు వచ్చినా దాంతోపాటు వచ్చే పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివే అలవాటు ఉంది. ఆ అలవాటు మాస్టారికి కాస్త అతిగా తోచేది. మూడు రోజుల్లో ఇరవై మిషన్లూ మారిపోయాయి.

నాలుగో రోజున చలపతిరావు స్వహస్తాలతో ఒక చార్టు రాసి తలుపు పక్కన అంటించాడు. ‘ఒకటి: దీన్ని ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. రెండు: లోపల ఎలా ఉందో చూడవచ్చు, మార్చుకోవచ్చు. మూడు: నకళ్ళు తీసి పంచవచ్చు. నాలుగు: మార్చినదాన్నీ పంచవచ్చు.’ రాసి, దూరం నుంచి చూసుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి ఆయనకు. నిజంగానే.

తిప్పలన్నీ పిల్లలు ఆ చార్టు చదవడంతో వచ్చాయి. వారం తిరక్కుండా ఒకడు తెర మీద వాళ్ళ గేదె ఫోటో పెట్టాడు. బీకాం పిల్లలు కేరమ్స్ ఆట ఎక్కించారు. ఎడమచేతి వాటం అమ్మాయి మౌసు బొత్తాలు అటుదిటు చేసుకుంది. అన్నిటికన్నా పెద్ద పని దీవెన చేసింది. ఇరవై మిషన్లలోనూ, కావాలన్నప్పుడు అవే మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడేలా తెలుగు మీటలు పెట్టి, తెర మీది మాటలన్నీ తెలుగులోకి మార్చి, ఒక సీడీ కాపీ రేపల్లెలో వాళ్ళ చర్చి ఆఫీసుకు కూడా ఇచ్చింది.

“నన్నడక్కుండా ఎలా ఇచ్చావమ్మా?”

“మూడోదండి” అంది దీవెన చార్టు వైపు చూపిస్తూ.

చలపతిరావు బాధ ఏమిటంటే, స్వేచ్ఛ తెచ్చింది తను, అనుభవిస్తున్నది వీళ్ళు. దీన్ని అసూయ అంటారని ఆయనకు తట్టలేదు. “స్వేచ్ఛంటే విచ్చలవిడితనం కాదు, క్రమశిక్షణ ఉండాలి” అని ప్రకటించి తాళం వేశాడు. మూలనున్న పెద్ద కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొడితే తప్ప మిగతావేవీ తెరుచుకోకుండా చేశాడు. ఆ పాస్‌వర్డ్ ఆయన ఒక్కడికే తెలుసు. ప్రతి శనివారం మార్చేవాడు. రోజూ పొద్దున తొమ్మిదింటికి వచ్చి, కీబోర్డు మీద జేబురుమాలు కప్పి, కింద నుంచి కొట్టేవాడు. ఆయన సెలవు పెడితే ల్యాబుకూ సెలవే. నాలుగు స్వేచ్ఛల చార్టు కింద ఇంకో చార్టు వెలిసింది. ‘అనుమతి లేనిదే ముట్టుకోరాదు, మార్చరాదు, కాపీ తీయరాదు’ అని మొదలై పదకొండు నిబంధనలతో, చలపతిరావు, ఎం.ఎస్సీ. అనే సంతకంతో ముగిసింది.

“సార్, విండోసు ఉన్నప్పుడు కూడా మనకిన్ని రూల్సు లేవండి” అంది దీవెన ఒకసారి.

“అది బానిసత్వం. ఇది వేరు” అన్నాడు ఆయన.

కమిటీ వచ్చే ముందు శనివారం సాయంత్రం చలపతిరావుకు ఉత్సాహం ఉరకలు వేసింది. ముఖ్యమైన రోజు కదా అని ఒక మెట్టు దిగి, దీవెన తనను అడక్కుండా పెట్టిన ఆ తెలుగు మీటలతోనే పెద్ద కంప్యూటర్లో ‘కమిటీవారికి స్వేచ్ఛా స్వాగతం’ అని కొట్టాడు. వెంటనే, ఆ ఊపులోనే, వారం వారం మార్చే పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు. రెండుసార్లు కొట్టమంటే రెండుసార్లూ కొట్టాడు. తెర మీద చుక్కలు తప్ప అక్షరాలు కనపడవు. మీటలింకా తెలుగులోనే ఉన్న సంగతి చుక్కలు ఎలా చెబుతాయి? మాస్టారు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు.

సోమవారం తొమ్మిదింటికి ఆయన కొట్టిన పాస్‌వర్డ్‌ను కంప్యూటరు ఒప్పుకోలేదు. మళ్ళీ కొట్టాడు. ఒప్పుకోలేదు. రుమాలు తీసేసి, ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాడు. ఒప్పుకోలేదు. చుట్టూ తెరలన్నీ ‘మీరెవరు?’ అన్నట్టు చూస్తున్నాయి. అవతల ఆఫీసు గదిలో కమిటీ అధ్యక్షురాలు ప్రొఫెసర్ మాణిక్యాంబగారు టిఫిన్ చేస్తున్నారు. మధ్యాహ్నానికని నిజాంపట్నం నుంచి రొయ్యలు కూడా దిగాయి. పట్టుపంచెలో ఉన్న హనుమయ్య తలుపులోంచి తొంగిచూశాడు.

“ఏంటి మాస్టారూ, ఇంకా తెరవలేదు? ఆవిడ కాఫీ దాకా వచ్చేశారు.”

“ఒక్క నిమిషమండి.”

హనుమయ్య వెళ్ళిపోయాడు. చలపతిరావు లెక్క వేసుకున్నాడు. బాపట్ల పోయింది, రేపల్లె పోయింది, తెనాలీ పోతోంది. కళ్ళ ముందు లోలకాలు ఊగుతున్నాయి.

“సార్” అంది దీవెన. “శనివారం మీరు తెలుగులో స్వాగతం కొట్టారు కదండీ. మీటలు అలా ఉండగానే పాస్‌వర్డ్ మార్చి ఉంటారు, అది తెలుగు అక్షరాల్లో పడిపోయి ఉంటుంది. ఇక్కడ అడిగే చోట ఇంగ్లీషు మీటలే ఉంటాయండి. మీరెన్నిసార్లు కొట్టినా అది వేరే మాటే అవుతుంది.”

“ఇప్పుడెలాగమ్మా?”

“తెరవచ్చండి. మిషను మొదలయ్యేటప్పుడు మధ్యలో ఆపి, అక్కడ కనపడే లైను చివర ఒక్క మాట చేర్చాలి. పాస్‌వర్డ్ అడక్కుండా లోపలికి పోనిస్తుంది. అప్పుడు కొత్తది పెట్టుకోవచ్చు. పుస్తకంలోనే ఉందండి.”

చలపతిరావు ఆమెను ఎగాదిగా చూశాడు. “నీకిది ఎప్పట్నుంచి తెలుసు?”

“మీరు తాళం వేసిన మర్నాటి నుంచండి.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు తియ్యలేదు?”

“మీరు వద్దన్నారు కదండీ.”

ఇన్ని వారాలుగా ఈ మనిషి ముందు తను జేబురుమాలు కప్పుకుని కూర్చున్నానని తలుచుకుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. లేచి కుర్చీ వదిలాడు. “తియ్యమ్మా” అన్నాడు.

మాణిక్యాంబగారు గుమ్మం దాటేసరికి ఇరవై తెరలూ వెలుగుతున్నాయి. ఆవిడ ఒక మిషను ముందు కూర్చుని, తన పేరు తెలుగులో కొట్టి, చిన్నపిల్లలా మురిసిపోయింది. ఎవరు చేశారిది అని అడిగింది. చలపతిరావు నోటి దాకా ‘మేమే’ అన్న మాట వచ్చింది. “ఈ అమ్మాయండి” అన్నాడు. అది అనడానికి ఆయన పడ్డ కష్టం ఆయనకే తెలుసు.

రొయ్యల భోజనాలయ్యాక, కమిటీ కార్లు కదిలిపోయాక, హనుమయ్య ల్యాబులోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“శభాష్ మాస్టారూ! మాటంటే మాటే. బాపట్ల, రేపల్లె కూడా మార్చేద్దాం.”

చలపతిరావు గుండె ఉప్పొంగింది. ఆ మాట కోసం ఆయన మంగలి షాపు నుంచి కాలేజీ దాకా ఎంత అరిచాడని!

“ఇంకో సంగతి. తలుపు దగ్గర మీ రూల్సు చదివాను. పదకొండూ ముత్యాల్లా ఉన్నాయి. మూడు కాలేజీల్లోనూ అవే అంటిద్దాం. ఆ పాస్‌వర్డేదో మాత్రం నా దగ్గరుంటుంది. ఇంత పెద్ద వ్యవహారం జీతగాడి చేతిలో ఉండకూడదు చూడండి. మీకేం కావాలన్నా ఒక కాగితం రాసి పెట్టండి, వీలు చూసుకుని తెరుస్తా.”

“అదేంటండీ! ఇది స్వేచ్ఛ కదండీ...”

“కాదని ఎవరన్నారు? క్రమశిక్షణ కూడా ఉండాలని మీరే అంటుంటిరి.”

దీవెన చేత పాస్‌వర్డ్ మార్చే చోటు తెరిపించుకుని, హనుమయ్య కీబోర్డు మీద ఉత్తరీయం కప్పి, ఒక్క వేలితో, పెదాలు కదుపుతూ, రెండుసార్లు కొట్టాడు. ఇరవై మిషన్లూ ఆపించి, తృప్తిగా నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ల్యాబు చీకటిగా అనిపించింది చలపతిరావుకు. కోపం వచ్చింది. ఎవరి మీదని వెతికితే, చాలాసేపు ఎవరూ దొరకలేదు. ఆ తర్వాత దొరికాడు. ఆ మనిషి జేబులో ఓ రుమాలు ఉంది. దీవెన టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది.

“నీ రైలుకింకా టైముందా అమ్మా?”

“అరగంట ఉందండి.”

చలపతిరావు పిల్లలు కూర్చునే స్టూలు ఒకటి లాక్కుని పెద్ద కంప్యూటరు పక్కన కూర్చున్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

“ఆ దారేదో నాక్కూడా చెప్పు. రాసుకుంటాను. కొంచెం నెమ్మదిగా చెప్పు.”

దీవెన సంచి కింద పెట్టింది. “ముందు స్విచ్చి వెయ్యండి సార్” అంది.